ఊడిపోయిన లేబుళ్లు

1994 ఆగస్టు. రాత్రంతా కురిసిన వానకు యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్ పైకప్పు కారింది. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచొచ్చి తలుపు తీసిన అటెండర్ రాహేలు నేరుగా అలమార దగ్గరికి పరుగెత్తింది. అలమారలో రెండు సీసాల లేబుళ్లు తడిసి ఊడి, కింది అరలో పడున్నాయి. ఒకదాని మీద బెంజోయిక్ యాసిడ్, రెండోదాని మీద ఎసిటనిలైడ్. అక్షరాలు బాగానే ఉన్నాయి. ఏది ఏ సీసాదో మాత్రం తెలియదు. రెండింట్లోనూ మెరిసే తెల్లటి పలుకులే.

పదిన్నరకు ఎమ్మెస్సీ వాళ్లకు ప్రాక్టికల్ పరీక్ష. పేరు చెప్పకుండా ఈ సీసాల్లోంచి తలా చిటికెడు ఇస్తే, అదేమిటో వాళ్లే కనిపెట్టాలి.

రాహేలు బంక సీసా తీసింది. ఏదో ఒకటి అంటించేస్తే అడిగేవాళ్లు లేరు. తన ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. స్టోర్ చూసే అచ్యుతరామయ్య సారు చిన్న తప్పుకే మండిపడతాడు. కానీ చెయ్యి ఆడలేదు. తారుమారైతే, సరిగ్గా చేసిన పిల్లలకే సున్నా పడుతుంది కదా!

కొత్త లెక్చరర్ పూర్ణిమ రాగానే ఎదురెళ్లింది.

"మేడం, లేబుళ్లు ఊడినయ్. ఏది ఏందో నాకు తెల్వది. అంటియ్యబుద్ధి కాలే."

పూర్ణిమ గడియారం చూసింది. తొమ్మిదింపావు.

"అంటియ్యకుండ మంచి పని చేసినవ్ రాహేలమ్మా. ఎసిటనిలైడ్ నూట పద్నాలుగు డిగ్రీలకు కరుగుతది. బెంజోయిక్ నూట ఇరవై రెండు దాంక ఆగుతది. బర్నర్ ముట్టియ్యి, చూద్దాం."

సన్నటి గాజు గొట్టాలు రెండింటిలో రెండు సీసాల పొడీ నింపి, థర్మామీటరుకు చెరోవైపు దారంతో కట్టి, బర్నర్ మీద కాగుతున్న నూనెలోకి దించింది పూర్ణిమ. ఎడమది మొదటి సీసాది.

నూరు. నూట పది. రాహేలు పెదవులు ప్రార్థనతో కదులుతున్నాయి. నూట పద్నాలుగు దగ్గర ఎడమ గొట్టంలో పొడి చెమర్చి, చూస్తుండగానే నీరైపోయింది.

"కరిగింది మేడం!"

"ఆగమ్మా, రెండోది గూడ చూడాలె."

ఆ ఎనిమిది డిగ్రీలు ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో! సరిగ్గా నూట ఇరవై రెండుకు కుడిదీ కరిగింది. రాహేలు స్టూలు మీద కూలబడింది. కళ్లనిండా నీళ్లు, నవ్వు కలిసే వచ్చాయి. పూర్ణిమ అంకెలు కాగితం మీద రాస్తుంటే, మొదటి సీసాకు ఎసిటనిలైడ్, రెండోదానికి బెంజోయిక్ యాసిడ్ లేబుళ్లు తనే అంటించింది.

పదింటికి అచ్యుతరామయ్య వచ్చాడు. ఆయన అడగకముందే రాహేలు జరిగిందంతా చెప్పేసింది. ఆయన పూర్ణిమ రాసిన అంకెలు రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, పైకప్పుకేసి చూశాడు.

"ఈ అలమార గీడ ఉండనే వద్దు. పట్టమ్మా, జరుపుదాం."

ఇద్దరూ కలిసి అలమారను పొడిగోడకు చేర్చారు. పరీక్ష ఏ గొడవా లేకుండా జరిగిపోయింది.

సాయంత్రం తార్నాక చౌరస్తాలో వేడి మిర్చి బజ్జీల వాసన తగిలాక గానీ, పొద్దుటినుంచి ఏమీ తినలేదని రాహేలుకు గుర్తు రాలేదు. అక్కడే నిలబడి నాలుగు తినేసి, కూతురు నిరోషకు పొట్లం కట్టించుకుని నిదానంగా ఇంటిదారి పట్టింది.