తాడుకు ఇవతల

డబ్బా మూత ఎప్పటిలాగే బిగుసుకుపోయింది. అక్క దాన్ని చంకలో ఇరికించుకుని గోళ్ళతో లాగి చూసి, ఇక లాభం లేదని లాయం గుంజకేసి కొట్టింది. ఠక్, ఠక్. మూత వదులయింది. ఆ చప్పుడుకే అర తలుపు మీదుగా, నుదుటి మీద తెల్ల మచ్చతో, పిల్లోడి తల బయటికి వచ్చింది. చెవులు రెండూ ముందుకు పెట్టి సన్నగా సకిలించాడు.

"వస్తున్నానురా, వస్తున్నాను. ఊరు మునిగిపోయినట్టు ఏమిటా తొందర?" అంటూ అక్క క్యారెట్ ముక్క అరచేతిలో పెట్టి చాపింది.

పిల్లోడంటే గుర్రం. ఇప్పుడు నిలబడితే అక్క తల వాడి భుజానికి కూడా అందదు గాని, ఆ పేరు వచ్చినప్పుడు మాత్రం వాడు నిజంగానే పిల్లోడు. ఈనిన రోజే తల్లి గుర్రం చచ్చిపోయింది. ఇది బతికే రకం కాదు, వదిలేయమన్నాడు అప్పటి యజమాని. ఆ లాయంలో ఊడ్చే పనికి వెళ్ళే అక్క, వదిలేయడానికి చేతులు రాక, పిల్లను దుప్పట్లో చుట్టి భర్త లారీలో ఇంటికి తెచ్చుకుంది. సీసాతో పాలు పట్టింది. చలికి వణుకుతుంటే గడ్డిలో పక్కనే పడుకుంది. కాస్త కాళ్ళు నిలిచాక వాడు చేసిన మొదటి ఘనకార్యం, ఈ డబ్బాను తొక్కడం. అంచు సొట్టపోయింది. అప్పట్నుంచీ మూత ఏదో ఒకదానికేసి కొడితేగాని రాదు. కొత్త డబ్బా కొనుక్కోవే అని భర్త ఎన్నిసార్లు అన్నా అక్క చెవిన పెట్టలేదు.

పెంచింది అక్క. ఎక్కేది చెల్లి. ఆ ఇంట్లో పనులు అలా పంపకమై చాలా కాలమయింది, ఎవరూ కూర్చుని పంచింది కాదు.

దాణా అయిపోయి, గంగాళం కడిగి బోర్లించాక చెల్లి వచ్చింది, కళ్ళు నులుముకుంటూ. ఆమె లేచేసరికి లాయంలో తెల్లవారి చాలా సేపయి ఉంటుంది.

"అక్కా, రేపటి సంగతి. ఒకసారి మళ్ళీ చెప్పనా?"

"నిన్న చెప్పావుగా."

"నిన్న నువ్వు పెనం మీద చూపు పెట్టి విన్నావు. ఇప్పుడు నా వైపు చూస్తూ విను."

అక్క చీపురు గోడకు ఆనించి నిలబడింది. ఇన్నేళ్ళలో ఆమె గుర్రాల పోటీ చూడటానికి వెళ్ళడం ఇదే మొదటిసారి. ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా అని ఎప్పుడూ ఆమే ఉండిపోయేది. ఈసారి చెల్లే రమ్మంది. పెద్ద లాయం కోచ్ చూడటానికి వస్తున్నాడు. రేపు తప్పు లేకుండా దూకితే చెల్లిని తన జట్టులో చేర్చుకుంటాడు. చెల్లి చిన్నప్పట్నుంచీ కోరుకున్నది అదొక్కటే. అక్కకూ అదే కావాలి. పెద్ద లాయమంటే గుర్రాలకు లోటా, ఎక్కడానికి అక్కడ మంచివి ఇస్తారు, సెలవులకు ఇంటికి వచ్చి పిల్లోణ్ణి ఎక్కుతుంది, అనుకుని అప్పుడే మనసులో సర్దేసుకుంది.

"పొద్దున గీతల మధ్య వాణ్ణి నడిపించి చూపిస్తాను, అప్పుడు చప్పుడు చేయకూడదు. ఎంత బాగా చేసినా, దండం పెట్టి బయటికి వెళ్ళేదాకా చప్పట్లు లేవు."

"సరే."

"గొడుగు వద్దు. వాన పడితే తడిసిపో. గొడుగు టపీమని తెరుచుకుంటే గుర్రాలు బెదురుతాయి."

"తడిస్తే కరిగిపోతానా."

"ఆ ఎర్ర శాలువా వద్దు. గాలికి ఎగురుతుంది. చెప్పులు వద్దు, బూట్లు వేసుకో, అంతా బురద. మధ్యాహ్నం క్రాస్ కంట్రీ, కంచెలూ నీళ్ళూ దూకిస్తూ పరిగెత్తించేది. అది మైదానమంతా ఉంటుంది. తాడు కట్టి ఉంటారు, నువ్వు తాడుకు ఇవతలే ఉండాలి. దారి దాటాలంటే వాళ్ళు దాటమన్న చోటే దాటాలి. విజిల్ వినపడిందా, గుర్రం వస్తున్నట్టు. ఎక్కడున్నావో అక్కడే ఆగిపో. నీళ్ళ దగ్గర జనం తోసుకుంటారు, అక్కడికి వెళ్ళకు. మిట్ట మీద నిలబడితే మూడు నాలుగు కంచెలు ఒకేసారి కనపడతాయి. మధ్యలో వాడి పేరు పెట్టి పిలవకు."

"పిలవనులేవే. ఊపిరి పీల్చుకోవచ్చా, దానికి కూడా విజిల్ ఉందా?"

లారీ టైరును తన్ని చూస్తున్న బావ అక్కణ్ణుంచే నవ్వాడు. "మెల్లగా పీల్చుకోమను. మీ అక్క నిట్టూరిస్తే రెండు కంచెలు పడిపోతాయి."

చెల్లి నవ్వలేదు. అక్క చేతిమీద చెయ్యి వేసి, ఇంకేదో చెప్పబోయి ఆగింది. బావ వైపు చూసింది. బావ వంగి టైరులో రాయి వెతుక్కున్నాడు. అది అక్కకు తర్వాత గుర్తుకొచ్చింది. అప్పుడు మాత్రం పిల్లకు భయంగా ఉంది కాబోలు అనుకుంది.

మర్నాడు పొద్దుటి భాగం హాయిగా గడిచింది. తెల్ల గీతల మధ్య పిల్లోడు మెడ వంచి, పెళ్ళిచూపులకు వచ్చిన వాడిలా అడుగు తీసి అడుగు వేస్తుంటే అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెల్లి దండం పెట్టి బయటికి వెళ్ళేదాకా చేతులు కదపలేదు. పక్కన ఎవరో ఫోటో తీయబోతే, "ఫ్లాష్ వేయకండి, బెదురుతాయి" అని కూడా చెప్పింది. ఎర్ర శాలువా ఇంట్లోనే ఉంది. చలికి భుజాలు ముడుచుకుంది గాని బాధ లేదు. సంచిలో డబ్బా ఉంది. అంతా అయ్యాక వాడికి పెట్టడానికి క్యారెట్ ముక్కలు.

మధ్యాహ్నం చెప్పినట్టే మిట్ట ఎక్కింది. అక్కణ్ణుంచి అంతా కనపడిన మాట నిజమే గాని గుర్రాలు చీమలంత ఉన్నాయి. నీళ్ళ మడుగు, దాని ఒడ్డున సన్నటి కంచె, దానికి కుడివైపు ఎర్ర జెండా, ఎడమవైపు తెల్ల జెండా. ఆ రెంటి మధ్య నుంచే దూకాలి. పక్కకు పోతే తప్పు, మళ్ళీ తిరిగొచ్చి దూకాలి.

"మీరు ఆ అమ్మాయి అక్కగారు కదూ? పొద్దున ఇద్దరూ మాట్లాడుకుంటుంటే చూశాను."

మడత కుర్చీ చంకన పెట్టుకున్న ఒకావిడ. కోచ్ భార్యనని చెప్పింది. మర్యాదగల మనిషి.

"ఇక్కణ్ణుంచి ఏం కనపడుతుందండీ. కిందికి రండి. ఆ సన్న కంచె దగ్గర నాకు చోటు ఉంచారు. సగం మంది తప్పేది అక్కడే."

అక్క వెళ్ళింది. నీళ్ళ దగ్గరికి వెళ్ళకన్నది చెల్లి. కాని పిలిచింది కోచ్ భార్య. కాదంటే చెల్లికి ఏం మాటొస్తుందోనని వెళ్ళింది. తాడుకు ఇవతల, గుంజ పక్కన నిలబడింది. ఒక గుర్రం వచ్చి నీళ్ళు చిమ్ముతూ కంచె దూకిపోయింది. కుర్చీ ఆవిడ చప్పట్లు కొట్టి అంది:

"మీ గుర్రానికి గది సిద్ధం చేయించానండీ. తూర్పు వైపు, ఎండ బాగా వస్తుంది. మీ అమ్మాయి బాగా దూకిందంటే రేపే తెచ్చి దింపేస్తానన్నారు మీవారు. లారీ ఆయనదేగా, ఇబ్బంది లేదు."

అక్క ఆవిడ ముఖంలోకి చూసింది.

"మా గుర్రాన్నా?"

"గుర్రం లేకుండా ఎలాగండీ? వీళ్ళిద్దర్నీ కలిపేగా మావారు అడిగింది." ఆవిడ ఆగింది. "మీకు చెప్పలేదా?"

"చెప్పారు" అంది అక్క.

అంతకన్నా ఏమంటుంది? ముక్కూ ముఖం తెలియని మనిషి ముందు, మా వాళ్ళు నాకు చెప్పలేదండీ అంటుందా? బూట్లు చెప్పారు, గొడుగు చెప్పారు, శాలువా చెప్పారు. ఊపిరి ఎలా పీల్చుకోవాలో కూడా చెప్పారు. ఇది చెప్పలేదు. భర్తకు తెలుసు. రోజూ పక్కన కూర్చుని తిన్న మనిషికి తెలుసు.

లౌడ్ స్పీకర్లో ఏదో పొడుగాటి పేరు చదివారు, రాజులకు పెట్టే పేరులాంటిది. అక్క ఆ పేరు ఎప్పుడూ వినలేదు. ఎవరి గుర్రమో అనుకుంది. పిల్లోడి వంతు ఇంకా తర్వాతేనని చెల్లి చెప్పింది. మధ్యలో ఇద్దరు తప్పుకున్న సంగతి ఆమెకెవరు చెప్పాలి? పోటీలో వాడికి ఇంకో పేరుందని మాత్రం ఎవరు చెప్పారు?

విజిల్ వినపడింది. చెప్పినట్టే కదలకుండా నిలబడింది.

సంచి బరువు తెలిసింది. ఎవరికోసం మోసుకొచ్చింది ఈ ముక్కలు? రేపట్నుంచి తూర్పు వైపు గదిలో, ఎండలో, ఎవరి చేతిలోవో తింటాడు. వీటిని నేనే తినేస్తాను, అనుకుంది. చిన్నపిల్ల పంతంలా ఉందని తెలిసే అనుకుంది. డబ్బా తీసింది. మూత రాలేదు. ఎప్పుడు వచ్చింది గనక. ఇన్నేళ్ళూ పొద్దున్నే చేసే పనే చేతులు చేశాయి. పక్కనున్న గుంజకేసి కొట్టింది.

ఠక్, ఠక్.

నీళ్ళలోంచి పైకి లేచిన గుర్రం చెవులు ఇటు తిరిగాయి.

నుదుటి మీద మచ్చ చూశాక గాని అది పిల్లోడని అక్కకు తెలియలేదు. అప్పటికే పిల్లోడు భుజం తిప్పేశాడు. చెల్లి పగ్గం బిగబట్టింది, మడమతో నొక్కింది. వాడు ఎర్ర జెండా పక్కనుంచి జారి, తిన్నగా తాడు దగ్గరికి వచ్చి, తాడు మీదుగా మెడ చాపి, డబ్బా మీద మూతి పెట్టాడు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. సన్నగా సకిలించాడు.

జనం నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, పసివాడు సభలో అమ్మ దగ్గరికి పరిగెత్తితే నవ్వే నవ్వు. జీను మీద నుంచి చెల్లి కిందికి చూసింది. డబ్బాను, అక్కను, అక్క పక్కన కుర్చీలో కూర్చున్న ఆవిణ్ణి, ఒకదాని తర్వాత ఒకటి చూసింది. పగ్గం లాగి తిప్పుకుంది. మళ్ళీ వచ్చి కంచె దూకింది. తక్కినవన్నీ తప్పు లేకుండా దూకింది. వాటితో ఇక పని లేదు.

కోచ్ చాలా మృదువుగానే చెప్పాడట. గుర్రం మంచిదేనమ్మా, కాని ఇంటి మీద బెంగ పెట్టుకున్న గుర్రంతో నేనేం చేసుకోను. మరో ఏడెప్పుడైనా చూద్దాం. వచ్చే ఏడు అని కూడా అనలేదు.

ఇంటికి వచ్చాక అక్క వాడి కాళ్ళు కడిగి, ఆరబెట్టి, దాణా పెట్టింది. మూత తెరిచే ఉంది, కొట్టాల్సిన పని లేకపోయింది. లోపలికి వచ్చేసరికి చెల్లి వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది, బురద బూట్లతోనే. బావ మంచినీళ్ళ గ్లాసు చేత్తో తిప్పుతున్నాడు.

"ఆ చప్పుడు వాడికి అలవాటని నాకు తెలియదు" అంది చెల్లి.

"నీకెలా తెలుస్తుంది. ఆ వేళప్పుడు నువ్వు ఎప్పుడు లేచావు గనక."

"నీకు తెలుసుగా."

అక్క పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

"మిట్ట మీద ఉండమన్నాను. దిగి వచ్చావు. ఆవిడ నీకు చెప్పింది. చెప్పిన వెంటనే డబ్బా తీశావు. అంతేనా?"

"నాకు ముందే చెప్పి ఉంటే?"

"చెప్తే నువ్వు ఇలాంటిదేదో చేస్తావనే చెప్పలేదు."

"ఊరుకోవే" అన్నాడు బావ.

"మీరే కదా బావా అన్నది. దూకడం అయ్యాక చెబుదాం, ముందు చెబితే మీ అక్క గుర్రాన్ని కదలనివ్వదు, అని."

బావ గ్లాసులోకి చూశాడు. "అది వేరే సంగతి. మనసు కష్టపెట్టుకుంటుందని."

అక్క అతని వైపు తిరిగింది. తనకు చెప్పి ఉంటే ఏం చేసి ఉండేది? ఏడ్చేది. రాత్రంతా లాయంలో కూర్చునేది. తెల్లారాక వాడి మెడకు తాడు వేసి తన చేత్తో లారీ ఎక్కించేది. అది ఆమెకు తెలుసు. వీళ్ళిద్దరికీ తెలియదు. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఆమె ఏం చేస్తుందో ఇద్దరూ కూడబలుక్కుని ముందే తేల్చేసుకున్నారు.

"ఒక్క మాట చెప్పక్కా. కావాలనే కొట్టావా?"

చెప్పడానికి ఉంది. స్పీకర్లో పేరు తెలియదని, వంతు మారింది తెలియదని, మూత రాలేదని, క్యారెట్ తానే తిందామనుకుందని. అన్నీ నిజాలే. ఒక్కొక్కటీ నోటిదాకా వచ్చింది. వరసగా పెట్టుకుని చూస్తే తనకే అబద్ధాల్లా వినపడ్డాయి. వాటిని ఈ ఇద్దరి ముందూ పరచి, నమ్మండి అని బతిమాలుకోవాలి.

"అవును" అంది అక్క. "కావాలనే కొట్టాను."

బావ చేతిలో గ్లాసు ఆగింది.

చెల్లి తల ఊపింది, అనుకున్నదే విన్నట్టు. లేచి గోడకున్న హెల్మెట్ అందుకుంది. ఒకసారి చేతిలో తిప్పి చూసి, మళ్ళీ అదే కొక్కేనికి తగిలించింది. కోటు మాత్రం తీసుకుంది. పొయ్యి మీద నీళ్ళు మరగడం మొదలుపెట్టాయి. అక్క వెనక్కి తిరగలేదు గాని కిటికీలోంచి వాకిలి కనపడుతూనే ఉంది.

బూట్ల చప్పుడుకు పిల్లోడు అర తలుపు మీదుగా తల బయటికి పెట్టాడు, చెవులు ముందుకు చాపి. చెల్లి వాడి ముందునుంచే నడిచింది. నుదురు నిమరలేదు. గేటు తీసుకుని, దగ్గరికి వేయకుండానే, రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.