మూడో గడి

క్యాంటీన్ వంటావిడ పొద్దున్నే పొయ్యి వెలిగించి, సుద్దముక్కతో బోర్డు దగ్గర నిలబడేది. ఏ పదార్థంలో ఎంత ఉప్పుందో రాయాలని పురపాలక సంఘం ఆజ్ఞ. ఎన్ని క్యాలరీలున్నాయో రాయాలని కేంద్రం ఆజ్ఞ. అందుకని రెండు గడులు చాలు. కానీ బోర్డు చేసిన వడ్రంగి లెక్కల్లో ఘనుడు, మూడు గీశాడు.

మూడోది బోర్డే నింపుకునేది. ఎదురుగా నిలబడ్డవాళ్లు ఆ పదార్థం ఇక జన్మలో ఎన్నిసార్లు తింటారో అంకె పడేది. ఎవరూ వింతపడలేదు. పోస్టుమాస్టరుకు అన్నిటికీ సున్నాలు పడి, కేకుకు మాత్రం మూడు పడింది. మూడూ ఒకే పూట తిని సాయంత్రానికి పోయాడు. ఆయన ఏ పనీ వాయిదా వేసే రకం కాదు.

ఆ మధ్యాహ్నం తనిఖీకి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వంటావిడకు సొంత తమ్ముడే, నిన్ననే బదిలీ మీద ఊళ్లోకి వచ్చాడు. ఇంట్లో అక్కా అంటాడు, ఇక్కడ మాత్రం గొంతు సవరించుకుని "ఏమండీ" అన్నాడు.

"మూడో గడి చక్కెరా? అన్నీ సున్నాలే, సూప్‌కొక్కటే ఒకటి. శభాష్! ఆ సూపే ఓ గిన్నెడు పొయ్యండి, కడుపు కాలిపోతోంది."

బల్లల దగ్గర చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"సూప్ అయిపోయింది" అంది వంటావిడ.

"మరి ఆ ఆవిరేమిటి?"

ఆవిడ గిన్నె ఎత్తి తొట్టిలో ఒంపేసింది. "ఇప్పుడు అయిపోయింది."

చేతికందిన కూరముక్కలు, నూకలు కలిపి ఏదో ఉడికించి అతని ముందు పెట్టింది.

"ఇదేమిటి?"

"పేరు లేదు. తిను."

"బోర్డు మీద లేనిది వడ్డిస్తే కేసు రాయాలక్కా!"

"రాసుకో నాయనా. ముందు ముద్ద మింగు."

నములుతూనే కేసు రాశాడు. అంత నిజాయతీపరుడు. సాయంత్రమైంది, తెల్లారింది, మనిషి నిక్షేపంలా ఉన్నాడు.

అప్పట్నుంచీ ఇంట్లోనైనా, క్యాంటీన్లోనైనా అతనికి పేరు లేని తిండే. చేసింది మళ్లీ చెయ్యదు, అలవాటైతే ఎవరో ఒకరు పేరు పెట్టేస్తారని భయం. అతను రోజూ తింటాడు, రోజూ కేసు రాస్తాడు. అక్కాతమ్ముళ్లకు పడదని ఊరంతా చెప్పుకుంటోంది.

ఈ ఉదయం బోర్డులో చివరి వరుస కింద కొత్త వరుస కనిపించింది. పేరు రాసే చోటు ఖాళీ. ఆవిడ తడిగుడ్డతో ఎంత రుద్దినా పోలేదు.

ఇంతలో తమ్ముడు గుమ్మంలోకి వచ్చి గొడుగు ముడుస్తున్నాడు. కొత్త వరుసలో, మూడో గడిలో ఒకటి పడింది. దాని పక్కన ఇంకో అంకె పడుతుందేమోనని వంటావిడ తడిగుడ్డ పట్టుకునే చూస్తోంది.