పాస్టరమ్మ చెప్పుకోని కష్టం

సోమవారం పొద్దున్నే డైటీషియన్ చర్చి వెనక హాల్లో కుర్చీలు గోడవారకి జరిపి, మధ్యలో బరువు చూసే మిషను పెట్టేది. పాస్టర్లకీ, వాళ్ల భార్యలకీ ఒళ్లు తగ్గించే కార్యక్రమం ఆమెదే. ముందురోజు ఆదివారం గనక అందరూ దొంగమొహాలు వేసుకుని వచ్చేవారు. ప్రార్థనకి ఏ ఇంటికెళ్లినా పళ్లెం నిండా పెడతారు, వద్దంటే ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుంది. అందుకని ఆమె ఒక ఉపాయం చెప్పింది. ఇళ్లల్లో కూర్చోవద్దు, బాధలో ఉన్నవాళ్లని వెంటబెట్టుకుని నడవండి, నడుస్తూనే వినండి.

దాదాపు అందరూ తగ్గారు, ఆ చర్చి పాస్టరుగారు మాత్రం తగ్గలేదు. ఆయన ఒంటికి తిండికన్నా మాటలే ఎక్కువ పట్టేవి. ఎవరు కష్టం చెప్పుకున్నా ఆ కష్టమెంతో అంత బరువు ఆయనలో చేరేది. చెప్పినవాళ్లు తేలిగ్గా ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయేవారు. వడ్రంగి ఏడాదికోసారి వచ్చి ఆయన నిలబడే వేదిక కింద ఇంకో దుంగ బిగించి పోయేవాడు.

"ఇంకొక్క పెద్ద కష్టం విన్నారంటే గుండె ఆగిపోతుందని డాక్టరు చెప్పారు కదండీ," అంది డైటీషియన్.

"వినకపోతే ఇంక నేనెందుకమ్మా?" అని నవ్వేశారాయన.

వింతేమిటంటే, పిట్టతిండి తినే పాస్టరమ్మ కూడా వారం వారం పెరుగుతోంది.

"దాచకుండా చెప్పండమ్మా, ఏం తింటున్నారు?"

భర్త బయట బూట్లు వేసుకుంటున్నారని చూసుకుని ఆవిడ గొంతు తగ్గించింది. "నాదీ ఒక కష్టముంది, లోపలే పెరుగుతోంది. ఊరంతా ఆయనకే చెప్పుకుంటారాయె. నేనూ చెబితే మనిషి దక్కుతాడా?"

డైటీషియన్‌కి ఆ వారమంతా ఏమీ పాలుపోలేదు. చెప్పమంటే ఆయన ప్రాణం మీదకొస్తుంది, వద్దంటే ఈవిడ ప్రాణం మీదకి. చివరికి తెగించి, "సాయంత్రం మీరిద్దరే నడవండి. చెప్పేయండి. నేను వెనకే ఉంటాను," అంది. గుండె మాత్రలు గుప్పిట్లో పట్టుకుని కాస్త దూరంలో నడిచింది. పొగమంచు దిగుతోంది, వీధిదీపాలు ఒక్కొక్కటే మేలుకుంటున్నాయి.

"మన పాప పోయిన రోజు మీరు ఎవరినో ఓదార్చడానికి వెళ్లారు," అంది పాస్టరమ్మ. "ఉయ్యాల నేనొక్కదాన్నే విప్పాను."

పాస్టరుగారు టక్కున ఆగిపోయారు. డైటీషియన్ పరుగున వచ్చింది. ఆయన చేత్తో ఆపారు.

"ఎవరినీ ఓదార్చలేదే నేను. ఇంట్లోకొచ్చే ధైర్యం లేక, చీకటి పడేదాకా రైల్వే స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నా." ఆయన తన కష్టం ఒకరితో చెప్పుకోవడం అదే మొదలు.

ఇద్దరూ ఒకే పాప గురించి చెప్పుకున్నారు. దాంతో ఆ బరువుకి ఎవరి మీద వాలాలో తెలియలేదు. కాసేపు ఇద్దరి మధ్యా తారట్లాడి, మంచులోకి తప్పుకుంది. పాస్టరుగారికి ఎన్నేళ్ల తర్వాతో ఊపిరి నిండుగా అందింది. డైటీషియన్‌కి కళ్లు చెమర్చాయి. మాత్రలు సంచీలో వేసుకుని ఆమె వెనక్కి తిరిగింది.

ఇల్లు వచ్చేసింది. పాస్టరమ్మ గుమ్మం ముందే నిలబడిపోయింది.

"ఇంకా ఉందండీ చెప్పాల్సింది."

"అయితే పద," అన్నారాయన, "ఇంకొంచెం దూరం నడుద్దాం."