పల్లాలమ్మ కళ్లకు కట్టిన చేను

గోదారి లంకలన్నీ మునిగి, జనం రెండోసారి వరినాట్లు, అదే ఊడ్పులు, ఊడ్చుకున్న వరద ఏడాది అది. నేను ఒక కళ్లజోడును. మామూలుది కాదు. నన్ను పెట్టుకుంటే లేని చోటు చుట్టూ కనిపిస్తుంది. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టాను. మొదట కాకినాడలో ఆటల దుకాణంలో పిల్లలకు రాక్షసుల్ని చూపించాను. తర్వాత ఒక బిల్డరు నాలో ఇంకా కట్టని ఇళ్లు చూపించి వాటిని అమ్మాడు. మనుషులకు ఉన్నదానికంటే లేనిదే ముద్దు. పాతబడ్డాక అమలాపురం దగ్గర మతిమరుపు పెద్దల ఆశ్రమానికి ఇచ్చేశారు.

అక్కడే పల్లాలమ్మ ఉంది. బతుకంతా ఊడ్పులకు వెళ్లిన మనిషి. పొద్దు వాలితే చాలు, చేలోకి వెళ్లాలని ఏడుస్తూ రోడ్డు మీదకు పరుగు. మొన్న లారీ కింద పడబోయింది. ఇంకోసారి పరిగెత్తితే గదిలో పెట్టి తాళం వేస్తామని మేనేజరు తేల్చేశాడు. మొగుడు నూకరాజు రోజూ వచ్చి పక్కన కూర్చుంటాడు. ఆయనెవరో ఆమెకు తెలియదు.

నర్సు దీవెన కెమెరా ఇస్తే, నూకరాజు నెత్తిన కట్టుకుని ఊడ్పుల చేలో నడిచి వీడియో తెచ్చాడు. దాన్ని నాలో పెట్టారు. ఆ సాయంత్రం మేనేజరు తాళం పట్టుకునే నిలబడ్డాడు. నన్ను కళ్లకు కట్టగానే పల్లాలమ్మ ఏడుపు ఆగింది. నాకు ఒళ్లు పులకరించింది! అంతలోనే, నాలో మొక్కల మీద పడుతున్న కాళ్లు చూసి ఆమె కేక.

"ఎవడ్రా ఆడు? ఊడ్చిన మొక్కల్ని తొక్కుకుంటా పోతన్నాడు! ఊడ్చేవోళ్లు ఎనక్కి నడవాలని తెలవదా?"

"నేనే," అన్నాడు నూకరాజు మెల్లగా.

"నాగలి పట్టేవోడివా? మా ఆయనా అంతే. మొద్దు! ముందుకు తప్ప నడక రాదు."

దీవెన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నూకరాజు మొహం వెలిగిపోయింది.

"మీ ఆయన ఇంకేం చేసేవోడు?"

"కూకో, చెప్తాను. ఒకటా రెండా!"

నన్ను తీసి ఒళ్లో పెట్టుకుని మొదలెట్టింది. తిట్టీ తిట్టీ నవ్వింది. బయట చీకటి పడింది. ఆమెకు రోడ్డు గుర్తే రాలేదు. మేనేజరు తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే నూకరాజు నెత్తిన కెమెరాతో మళ్లీ చేలోకి దిగాడు. అదంతా ఇప్పుడు నాలోనే ఉంది. ఊడ్చే ఆడవాళ్లు ఒకటే నవ్వు.

"ఎనక్కి మావా, ఎనక్కి! అయ్యో, పడతావ్!"

పడ్డాడు. ఆకాశమంతా కనిపించింది. లేచాడు. బురద తుడుచుకోలేదు. ఒక నారుకట్ట అడిగి తీసుకున్నాడు. వంగి, మొక్క నాటి, ఒక అడుగు వెనక్కి వేశాడు.