తెర వెనక అంకెలు

ముప్పై ఏడో కాలిక్యులేటర్ దగ్గరికి వచ్చేసరికి ఆయన బొటనవేలు తనంతట తానే నడుస్తోంది. రెండుకు వర్గమూలం. తెర మీద పది అంకెలు తేలాయి. ఆ పదింటినీ మళ్ళీ నొక్కి అందులోంచి తీసేశాడు. సున్నా రాలేదు. లోపల దాక్కున్న మరో నాలుగు అంకెలు బయటపడ్డాయి.

"ఉన్నారా," అని వాటిని పలకరించి, తెర తుడిచి, ముప్పై ఎనిమిదోది అందుకున్నాడు.

గ్రాఫులు గీసే ఆ కాలిక్యులేటర్లు బడిలో నలభై ఉన్నాయి. వాటికి బ్యాటరీలు మార్చడం, పిల్లలకిచ్చి తిరిగి తీసుకోవడం ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని. పాత లెక్కలన్నీ చెరిపి గానీ ఇవ్వడని పిల్లలు 'సున్నా బాబాయ్' అంటారు. లెక్కల మాస్టారు కావాలని ఒకప్పుడు ఉండేది. తండ్రి మంచాన పడ్డ ఏడాది చదువు ఆగిపోయింది. ఇప్పుడు ఎండపొడలో సుద్దపొడి తేలుతుంటే చూస్తూ కూర్చుంటాడు. గంట కొట్టినా ఒక్కోసారి వినిపించదు.

భార్య ఫోన్ చేసింది. "మాత్ర వేసుకోకుండా వెళ్ళిపోయారు."

"వచ్చాక వేసుకుంటాలే. ఇవాళ గుండె తేలిగ్గానే ఉంది."

"మీకెప్పుడూ తేలిగ్గానే ఉంటుంది. నాకే బరువు."

మధ్యాహ్నం ఒక అమ్మాయి జవాబు పత్రంతో గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గ్రాఫులో గీత రెండుకు దగ్గరవుతూనే ఉంటుంది గానీ తాకదని పరీక్షలో రాసిందట. లెక్కల మాస్టారు సెలవు. పేపర్లు దిద్దుతున్న భూగోళం మేడం కాలిక్యులేటర్‌లో రెండనే చూసి, తప్పని కొట్టేసింది. ఆ ఒక్క జవాబుతో పైతరగతిలో లెక్కల సీటు పోతుంది.

"తెర మీద రెండనే ఉంది బాబాయ్. కానీ తాకదు. నాకు తెలుసు."

ఆయన లేచాడు. స్టాఫ్ రూముకు వెళ్ళడం ఆయనకు అలవాటు లేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఆ లెక్క చేసిన కాలిక్యులేటర్‌తో లోపలికి నడిచాడు.

"మేడం, ఇందులోంచి రెండు తీసేసి చూడండి."

"రెండులోంచి రెండు పోతే ఏముంటుందండీ?"

"నొక్కండి."

ఆవిడ నొక్కింది. సున్నాకు బదులు మైనస్ గుర్తుతో ఏదో అంకె వచ్చింది.

"ఇదేంటి?"

"దశాంశం తర్వాత పది సున్నాలు దాటాక ఉన్న వెలితండి. తెరకి చోటు చాలక రెండని చూపించింది. పిల్ల చూసింది."

ఆవిడ పేపరు అందుకుని, కొట్టివేత మీద కొత్తగా టిక్కు పెట్టింది. వరండాలోకి వచ్చాక అమ్మాయి అడిగింది.

"మీరు లెక్కలు చెప్పకూడదా బాబాయ్?"

"ఇప్పుడు చెప్పాగా," అన్నాడాయన.

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చెట్లూ గోడలూ మెల్లగా వెనక్కి కరిగిపోతున్నాయి. ముందు అద్దంలో రోడ్డు రెండంచులూ దూరాన కలవబోయి కలవకుండా సాగుతున్నాయి. వాటినే చూస్తూ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి బరువెక్కింది. నిద్రేమో అనుకున్నాడు.

"పెద్దాయనా, ఆఖరి స్టాపు," అని కండక్టరు భుజం తట్టాడు. మళ్ళీ తట్టాడు. తర్వాత టోపీ తీసి చేత్తో పట్టుకుని, డ్రైవర్ను పిలిచాడు.

ఆయన్ని దించాక సీటు మీద కళ్ళజోడు మిగిలింది. ఒక అద్దం మీద బొటనవేలి ముద్ర, సన్నని గీతలతో సహా.