సముద్రంలో గరాటు

సముద్రం అడుగు నీళ్లు పైకి ఉబికే చోట పైనుంచి ఏమేం రాలుతాయో, వాటిలో కార్బన్ ఎంతో కొలవడానికి శాస్త్రవేత్త మధులత అంతర్వేదికి ఎదురుగా నీళ్లలో వేలాడదీసిన గరాటును పడవలోకి లాగారు. గరాటు కింది సీసాల్లో ఎప్పటిలాగే గోధుమరంగు మడ్డి. ఒక్కదాంట్లో మాత్రం తెల్లటి బూడిద. కదిపితే లోపల ఏదో గలగలమంది.

గాలి ఆగిపోయింది. బూడిదలోంచి నువ్వులు తేలాయి, వాటి వెనకే మనిషి పన్ను.

"సముద్రుడు మనకి పన్ను కడుతున్నాడేంటండీ!" అన్నాడు ల్యాబ్ అసిస్టెంట్ విష్ణు. తన నవ్వుకి తనే ఉలిక్కిపడ్డాడు.

పడవ నడిపే నూకరాజు ఇంజను ఆపి, సీసాకి దండం పెట్టాడు.

"మా అమ్మండి."

మధులత సీసాను రెండు చేతులా పట్టుకుంది.

"ఏటా వచ్చి దండం పెట్టుకుందామంటే నీళ్లలో గుర్తేముంటాదండి? మీ పసుపు బోయా కనపడితే, దాని పక్కనే అస్థికలు కలిపేనండి. కింద గరాటుందని తట్టలేదు. ఇప్పుడు దీన్నేం చేస్తారండి?"

"కార్బన్ తేలాలంటే కొలిమిలో కాల్చాలి."

"ఓసారి కాల్చేనండి. మళ్ళీనా మేడంగారూ?"

ఈ సీసా వదిలేస్తే, ఏళ్లుగా తెగకుండా వస్తున్న లెక్క తెగిపోతుంది. అయినా మధులత మూత తీసి, వంగి, సీసాను నీళ్లలోకి వంచింది. బూడిద వెంటనే మునగలేదు. పడవను వదల్లేనట్టు చుట్టూ తిరిగి, నెమ్మదిగా కిందికి దిగింది.

ఆ సీసా లెక్క ఎందుకు ఖాళీ అని ల్యాబ్‌లో అందరూ అడిగితే మధులత జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరూ నవ్వలేదు, విష్ణుతో సహా.