లారీ డ్రైవరుకు సరిపడే కార్డు

ఉదయం పదకొండు గంటలకు అక్క, డ్రైవరు తెచ్చిన కంప్యూటరు మూత విప్పి, తమ్ముడు అమ్మిన కార్డు అందులో పెట్టనని చెప్పింది.

షాపు తమ్ముడిది. బోర్డు మీద పేరూ అతనిదే. పనికి మనిషి దొరికేదాకా సాయం ఉండమంటే వచ్చిన అక్కకు, ఆ మనిషి దొరక్కుండానే జుట్టు నెరిసింది. బొటనవేలి మీద టంకం కాల్చిన మచ్చ. ఎడమ మణికట్టుకు గుడ్డ పట్టీ, దాని తీగ ఇనప రాక్‌కు క్లిప్పుతో తగిలించి ఉంటుంది. ఒంట్లో పుట్టే స్టాటిక్ కరెంటు లోపలి పార్టులకు తగలకుండా అది కట్టుకోనిదే ఆమె ఏ మెషీనూ ముట్టుకోదు.

డ్రైవరు మోకాలు పోయి లారీ దిగేశాడు. ఇప్పుడు ఇంట్లో కంప్యూటరు ఆటలో లారీ నడుపుతాడు. తెర మీద బొమ్మ గీసే పాత గ్రాఫిక్స్ కార్డు కాలిపోతే, ఎవరూ కొనక పడి ఉన్న పెద్ద కార్డు తమ్ముడు అతనికి అంటగట్టాడు.

"ఆయన అడిగాడు, నేనిచ్చాను. మధ్యలో నీకెందుకక్కా?"

"పెట్టి చూపిస్తా. నోరు తర్వాత విప్పు."

పెట్టింది. తెర మీద లారీ ఊరి బయట బాగానే పోయింది. కూడలిలో బళ్లు పెరిగేసరికి ఆగి ఆగి కదిలింది. తెర మూలన అంకెల్లో, లెక్కలు చేసే ప్రాసెసర్ మీద పని నూటికి నూరు. కార్డు ముప్పై దాటలేదు.

"అన్నా, వడ్డించే చెయ్యి ఈ ప్రాసెసరు, అది ముసలిది. కంచం ఎంత పెద్దదైతే ఏం?"

డ్రైవరు నవ్వాడు. "ముందున్న బండి కదలకపోతే నా ఇంజను ఎంతదైతే ఏంలేమ్మా. హారన్ కొట్టుకోవడమే."

అక్క కింది అరలోంచి వాడిన చిన్న కార్డు తీసి పెట్టింది. కూడలిలో అదే ఆగడం, బొమ్మలోనూ తేడా లేదు. ప్రాసెసర్ మీద బరువు తగ్గేలా ఆట సెట్టింగుల్లో బళ్ల రద్దీ తగ్గించింది. లారీ ఆగకుండా కూడలి దాటింది.

"ఇది చాలు," అన్నాడు డ్రైవరు.

తమ్ముడి మొహం మాడింది. "ఇది నా షాపు. పెద్దది పెట్టు, లేదా ఆ పట్టీ విప్పు."

"షాపు నీదేరా. చెయ్యి నాది."

చిన్న కార్డుకే మర బిగించి, మూత వేసి, కంప్యూటరును డ్రైవరు ముందుకు జరిపింది. పట్టీ విప్పి రాక్‌కు తగిలించింది. టిఫిను డబ్బా తీసుకుని చెప్పులు తొడుక్కుంది.

"తగిన మెషీను వచ్చినప్పుడు ఆ పెద్దది అమ్ముకో. తొందరేం లేదు, అదేం తిండి అడగదు."

"కోపం. అన్నం వేళకు వచ్చేస్తుంది," అన్నాడు తమ్ముడు డ్రైవరుతో.

రాలేదు. సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు.

"పట్టీ మరిచిపోయావక్కా."

"మరిచిపోలేదు," అని పెట్టేసింది.

బల్ల మీద ఇంకో కంప్యూటరు విప్పాల్సి ఉంది. తమ్ముడు పట్టీలో చెయ్యి పెట్టి చూశాడు. పట్టలేదు. షట్టర్ దించేటప్పుడు అది రాక్‌కే వేలాడుతోంది, ఆమె మణికట్టు కొలతకే బిగించి ఉంది.